పన్ను నిబంధన మారిందన్న కబురు వచ్చినప్పుడు చిన్న వ్యాపారి చేయవలసిన పని

2025 సెప్టెంబరు 3 రాత్రి జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం నిర్ణయాలు వెలువడగానే, సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిందన్న కబురు ఊరూరా పాకింది. నేను పద్దులు చూసే ఒక సిమెంటు దుకాణంలో గుమాస్తా మరునాడు ఉదయమే బిల్లింగ్ సాఫ్ట్‌వేరులో రేటు మార్చి, మూడు రోజుల పాటు 18 శాతంతోనే బిల్లులు కొట్టాడు. కౌన్సిల్ చేసేది సిఫారసు మాత్రమే. రేటు మార్చే నోటిఫికేషన్ సెప్టెంబరు 17న వచ్చింది, అమలు 22 నుంచి మొదలైంది. పన్ను కలపక ముందు 300 రూపాయల ధర ఉన్న బస్తాపై 84 రూపాయల పన్ను రావలసి ఉండగా 54 రూపాయలే వసూలయ్యాయి కనుక, తక్కిన 30 రూపాయలు బస్తా బస్తాకూ యజమాని తన చేతి నుంచి కట్టుకోవలసి వచ్చింది. ఆ గుమాస్తా ఏళ్ల తరబడి శ్రద్ధగా పనిచేస్తున్న మనిషి. వార్త వేరు, చట్టం వేరు అన్న సంగతి అతనికి ముందే విడమరచి చెప్పవలసిన బాధ్యత నాది.

అందువల్ల మార్పు గురించి విన్న వెంటనే మొదట తేల్చుకోవలసింది అది ఇప్పుడు ఏ దశలో ఉందన్నదే. ఆదాయపు పన్ను మార్పు బడ్జెట్ ప్రసంగంలో వినిపించి, ఆర్థిక బిల్లులో అక్షరరూపం పొంది, పార్లమెంటు ఆమోదంతో చట్టమవుతుంది. ఈ దారిలో అది మారిపోనూవచ్చు. 2024 జులై బడ్జెట్‌లో భూములు, భవనాల అమ్మకపు లాభంపై ఇండెక్సేషన్‌ను (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కించే పద్ధతిని) తొలగించినా, ఆగస్టులో బిల్లు ఆమోదం పొందే నాటికి 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తుల విషయంలో వ్యక్తులకు పాత పద్ధతిని ఎంచుకునే వీలు కల్పించారు. జులైలోనే తొందరపడి లెక్క కట్టుకున్నవారు దాన్ని మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. జీఎస్టీకైతే కేంద్రం నోటిఫికేషనుతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ వంతు పన్నుకు విడిగా ఉత్తర్వులు ఇస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన సారాంశాన్ని సూచనగా మాత్రమే తీసుకుని, అసలు నోటిఫికేషన్‌ను కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు (సీబీఐసీ) పోర్టల్‌లోనో ఈ-గెజిట్‌లోనో తెరిచి చూడాలి.

తెరిచిన తరువాత అంతా చదవలేకపోయినా మూడు సంగతులు వెతకాలి: ఎప్పటి నుంచి, ఎవరికి, దేని స్థానంలో. వీటిలో ఎక్కువగా పొరపాటు జరిగేది ‘ఎవరికి’ అన్న చోట. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువు లోపల డబ్బు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో ఒప్పుకోరన్న ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన 2023–24 లెక్కల నుంచి అమలైనప్పుడు, 45 రోజులు దాటిన ప్రతి బాకీకీ ఇది వర్తిస్తుందని చాలామంది హడలిపోయారు. నిజానికి మధ్యతరహా పరిశ్రమలకు ఇది వర్తించదు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) వల్ల దక్కేది ప్రాధాన్య రంగ రుణ సౌకర్యం మాత్రమే కనుక వారికి ఉన్న బాకీలకూ వర్తించదు. ఇక వర్తించే చోట, రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 45 రోజులు కాదు, 15 రోజులే. కాబట్టి సరుకు ఇచ్చే ప్రతి సంస్థ నుంచీ ఉద్యం ధ్రువపత్రం తెప్పించుకుని, లెడ్జరులో ఆ పేరు పక్కనే ‘సూక్ష్మ’, ‘చిన్న’, ‘వ్యాపారి’ అని గుర్తు పెట్టుకోవాలి.

కొన్ని మార్పులు చడీచప్పుడు లేకుండా వస్తాయి. భాగస్వామ్య సంస్థల విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించేది ఆదాయపు పన్ను చట్టంలోని 194టీ సెక్షన్ గురించి. 2025 ఏప్రిల్ 1 నుంచి, భాగస్వామికి సంస్థ ఇచ్చే జీతం, కమీషన్, బోనస్, పెట్టుబడిపై వడ్డీ అన్నీ కలిపి ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించే చోటే పట్టుకునే పన్ను) కోయాలి. లాభంలో వాటాకూ, సొంత వాడకానికి తీసుకున్న సొమ్ముకూ ఇది వర్తించదు. చాలా సంస్థల్లో జీతమూ వడ్డీ మార్చి 31న ఒకే సర్దుబాటు పద్దుగా భాగస్వామి ఖాతాకు జమ అవుతాయి. 3,00,000 జీతం, 60,000 వడ్డీ జమ చేస్తే, చేతికి ఒక్క రూపాయి ఇవ్వకపోయినా ఆ జమతోనే 36,000 టీడీఎస్ బాధ్యత పుడుతుంది, దాన్ని ఏప్రిల్ 30 లోపల కట్టాలి. ఆడిటరు గారు సెప్టెంబరులో లెక్కలు ముగించేటప్పుడు ఆ పద్దు రాసే అలవాటున్న చోట, అప్పటికే కట్టని టీడీఎస్‌పై వడ్డీ పెరుగుతూ ఉంటుంది. అంతకు ముందు టాన్ నంబరు (టీడీఎస్ కట్టేవారికి ఇచ్చే నంబరు) అవసరమే లేని సంస్థలు ముందుగా దాన్ని తీసుకోవాలి.

2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన ఆదాయపు పన్ను చట్టం, 2025తో సెక్షన్ల నంబర్లు కూడా మారాయి. జీతాల టీడీఎస్ 392లోకి, మిగిలిన చెల్లింపుల టీడీఎస్ 393లోకి చేరాయి. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అన్న రెండు మాటల స్థానంలో ‘పన్ను సంవత్సరం’ అన్న ఒకే మాట వచ్చింది. మీ సంస్థ చేసే చెల్లింపులకు పాత, కొత్త నంబర్లను ఎదురెదురుగా రాసిన ఒక కాగితాన్ని చలానా కట్టే బల్ల దగ్గర అతికించండి. 2026 మార్చి వరకు జరిగిన వ్యవహారాలకు పాత చట్టమే వర్తిస్తుంది కనుక రెండు నంబర్లూ కొన్నేళ్లు కావలసి వస్తాయి.

అకౌంటింగ్ ప్రమాణాల విషయంలో చిన్న సంస్థలకు ఇంత హడావిడి ఉండదు. ఇండ్ ఏఎస్ అనే ప్రమాణాల వరుస పెద్ద కంపెనీలది. ప్రైవేటు కంపెనీ నడిపేవారు తమ సాఫ్ట్‌వేరులో 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయిన ఎడిట్ లాగ్ (పద్దుల్లో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే ఏర్పాటు) ఏడాది పొడవునా పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. సొంత వ్యాపారాలు, భాగస్వామ్య సంస్థలు తమ ఆస్తి అప్పుల పట్టీ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే లెక్కలకు సూచించిన నమూనాలో ఉందో లేదో ఆడిటరు గారిని అడగాలి.

చివరి పని సాఫ్ట్‌వేరులో. పాత రేటును చెరిపి కొత్తది రాయకుండా, అమలు తేదీతో కొత్త రేటును చేర్చాలి. 2025 సెప్టెంబరు 20న 28 శాతంతో అమ్మిన సిమెంటు అక్టోబరులో తిరిగి వస్తే, దానికిచ్చే క్రెడిట్ నోటులో (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రంలో) 28 శాతమే ఉండాలి. పాత రేటుతో కొన్న నిల్వపై తీసుకున్న క్రెడిట్‌ను (కొనేటప్పుడు కట్టిన పన్నును మన పన్నులో సర్దుకునే వీలును) అలాగే ఉంచుకోవచ్చు. మార్చిన రోజున ఒక నమూనా బిల్లు తీసి, దానిపై నోటిఫికేషన్ నంబరు, తేదీ, మార్చినవారి సంతకం వేసి ఫైలులో పెట్టండి. రెండేళ్ల తరువాత నోటీసు వచ్చినప్పుడు, అప్పటికి ఆ గుమాస్తా మరో చోట పనిలో ఉన్నా, ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది.