చలికాలం ట్రెక్‌లో మంచుచరియల ప్రమాదాన్ని ఎలా కనిపెట్టాలి?

జనవరిలో మంకీ క్యాప్ పెట్టుకుని హైదరాబాద్ కేబీఆర్ పార్కులో రెండు రౌండ్లు కొట్టి, ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి రెడీ అయిపోయామనుకుంటాం. అది దాదాపు 3,800 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చలికైతే స్వెటర్ ఉంది. వాలు మీద పేరుకున్న మంచు జారితే ఏ స్వెటరూ కాపాడదు.

1. టికెట్ బుక్ చేసేటప్పుడే ఒక రోజు అదనంగా పెట్టుకోండి. ఇదేం జాగ్రత్త అనిపిస్తుంది కానీ, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. భారీగా మంచు కురిశాక మొదటి ఒకట్రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. సోమవారం ఆఫీసులో లాగిన్ కావాలన్న టెన్షన్‌తో ఉన్నవాడు రాత్రంతా మంచు పడినా పొద్దున్నే ఎక్కేస్తాడు. చేతిలో ఒక రోజు ఉంటే టెంట్‌లో టీ తాగుతూ ఆగుతాడు.

2. బయల్దేరే ముందు వారం నుంచే వాతావరణ శాఖ సూచనలు చూడండి. మనకు బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో, చలికాలంలో హిమాలయాలకు వెస్టర్న్ డిస్టర్బెన్స్ అలాగ. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాద స్థాయి 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 అంటే మధ్యలోనే కదా అనుకోవద్దు, ఆ స్థాయిలోనూ చాలామంది చనిపోయారు.

3. వాలు కొలవడం ఇక్కడే నేర్చుకోండి. మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మన అపార్ట్‌మెంట్ మెట్లు కూడా సుమారు 30 డిగ్రీలే, అంత నిటారుగా కనిపించవు కదా! ఖాజాగూడ గుట్టల్లో ట్రెకింగ్ కర్రను వాలు మీద పడుకోబెట్టి, దానిపై ఫోన్ పెట్టి లెవల్ యాప్‌లో చూడండి. నాలుగుసార్లు కొలిస్తే కంటికి అంచనా వచ్చేస్తుంది. అక్కడికి వెళ్లాక మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా, తల పైన ఉన్న వాలును చూడటం మర్చిపోవద్దు.

4. మంచును గమనించండి. వాలుగా పోసిన పొడి ఇసుక మీద షాబాద్ బండ పెడితే ఏమవుతుంది? కింద పంచదారలా వదులు మంచు, పైన గట్టి పొర ఉన్నప్పుడు అదే జరుగుతుంది. ఆ పొరను కదిలించేది చాలాసార్లు మన బరువే. అడుగు వేస్తే ‘ధుమ్’మని లోపల కుంగిన శబ్దం వచ్చినా, పగుళ్లు పరిగెత్తినా, పక్క వాలు మీద కొత్తగా జారిన ఆనవాళ్లు కనిపించినా వెంటనే వెనక్కి తిరగండి. గాలి తెచ్చి పోసిన మంచు దిబ్బల్నీ, మధ్యాహ్నం ఎండకు మెత్తబడ్డ వాలునూ నమ్మొద్దు.

5. అనుమానమున్న చోట దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి. ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ తెలిసేలా సిగ్నల్ పంపే, పట్టే చిన్న పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఉండాలి. మంచు కింద పడ్డవాళ్లను పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. రెస్క్యూ టీమ్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, వెతకాల్సింది పక్కనున్నవాళ్లే.

ఆ వెతుకులాట హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. ఒక ట్రాన్సీవర్‌ను గోనె సంచిలో చుట్టి కాలనీ పార్కులో దాచి, ఇంకోదాంతో టైమ్ పెట్టుకుని వెతకండి. వెతికేటప్పుడు మీ ఫోన్ చేతిలోని ట్రాన్సీవర్‌కు కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే సిగ్నల్ తికమక పెడుతుంది.