ఆర్చి బ్రిడ్జి ఫొటోకి అడ్డొచ్చిన పసుపు పూలు

రాజమండ్రి ఆర్చి బ్రిడ్జిని ఫోన్‌తో తీయాలంటే పొద్దున్నే వెళ్లండి. మనది తూర్పు ఒడ్డు కాబట్టి ఎండ వెనకనుంచి పడి కాంక్రీటు విల్లులు తేటగా వస్తాయి. సాయంత్రం కొవ్వూరు వైపు పొద్దుగుంకేటప్పుడు అవే నల్లటి గీతలవుతాయి, నాకైతే అదే ఇష్టం. కెమెరాలో గ్రిడ్ (తెర మీద కనిపించే అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేసి నీటి అంచును అడ్డగీతకు సరిపెట్టండి. ఊళ్లో అపార్ట్‌మెంట్లు తీసేటప్పుడు ఫోన్ పైకి వంచితే అవి వెనక్కి పడిపోతున్నట్టుంటాయి. నాలుగడుగులు వెనక్కి నడవండి.

కొమ్మ అడ్డొచ్చిందా, ఫ్రేములోనే ఉంచండి. పసుపు గుత్తులు కిందికి వేలాడుతూ, మూరెడు పొడవు గుండ్రటి కాయలుంటే అది రేల. గుత్తులు పైకి నిలబడి, చింతాకులాంటి సన్నాకులు, రాగిరంగు చదును కాయలుంటే పచ్చతురాయి. మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌కి ఒక్క పువ్వే చూపిస్తే తికమకపడుతుంది. ఆకు, కాయ, బెరడు విడివిడిగా తీయండి. కొమ్మ విరవొద్దు, కింద రాలినవి చాలు.