చీకటి టెక్నో చేద్దాం - 4వ పాఠం: రెండు దెబ్బల మధ్య

గత పాఠంలో 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) దగ్గర నాలుగు బీట్లకూ కిక్, అంటే బరువైన డ్రమ్ము దెబ్బ, పెట్టి ఆపేశాం. ఇప్పుడు ఆ ఫైలునీ, ఈ వారం వచ్చిన ఇండస్ట్రియల్ టెక్నో (యంత్రాల మోతలాంటి టెక్నో) ట్రాకునీ పక్కపక్కన పెట్టి వినండి. మనది డబ్బా కొట్టినట్టు ఉంటుంది, అవతలిది ఛాతీ మీద కూర్చుంటుంది. వాల్యూం పెంచితే ఆ తేడా పోదు. బరువు దెబ్బలో లేదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో ఉంది. అక్కడ గుడుగుడుమనే కింది మోతనే రంబుల్ అంటారు.

ముందు వినడం. 2015 నుంచి ప్రపంచమంతా కొత్త సంగీతం ఎక్కువగా శుక్రవారమే విడుదలవుతోంది. సంగీతం అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో లండన్ లేబుల్ (పాటలు విడుదల చేసే సంస్థ) పర్క్ ట్రాక్స్, రాటర్‌డామ్‌ది మోర్డ్, 1993లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన డౌన్‌వర్డ్స్, ఈ మూడింటినీ ఫాలో అవండి. నేనైతే ముందు పర్క్ ట్రాక్సే తెరుస్తాను. అక్కడ శబ్దం ఎంత మురికిగా ఉన్నా కిక్ తెరిపిగా వినబడుతుంది, నేర్చుకునేవాళ్లకు అదే కావాలి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. రంబుల్ ఎక్కువగా 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంత కిందికి ఆ చిన్న స్పీకరు పలకదు. బల్లార్షాలో గణపతి ఊరేగింపు డీజే బాక్సుల ముందు నిలబడ్డవాళ్లకు ఆ మోత ఒంటికి తెలుసు. ఇంట్లో మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

ఒక్కో బీటుకు తకధిమి చెప్పుకుంటూ వినండి. ‘త’ మీద కిక్. మిగిలిన ‘క-ధి-మి’ మీద ఏం జరుగుతోంది? 140 దగ్గర ఒక్కో అక్షరానికి దక్కేది దాదాపు 107 మిల్లీసెకన్లే. మంచి ట్రాకులో ‘త’ దగ్గర అణిగిన మోత ‘క’ దగ్గర తల ఎత్తుతుంది, ‘మి’కి నిండుతుంది, తర్వాతి కిక్ రాగానే మళ్లీ అణుగుతుంది. నాలుగైదు ట్రాకులు ఇలా వింటే ఏది పనివాడు చేసిందో, ఏది ఊరికే గోల పెట్టిందో తెలిసిపోతుంది.

ఇక చేయడం. పాటలు తయారుచేయడానికి ఉచితంగా దొరికే ఎల్ఎంఎంఎస్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. కిక్ ట్రాకును కాపీ చేయండి. కాపీ మీద రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పెట్టి, అసలు శబ్దం సున్నా, రివర్బ్ పూర్తిగా ఉంచండి. ఆ ప్రతిధ్వని తోక రెండు సెకన్లు. దాని తర్వాత శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్, ఆ తర్వాత 120 హెర్ట్జ్ పైనున్నది కోసేసే లో-పాస్ ఫిల్టర్. ఈ వరస మార్చొద్దు. డిస్టార్షన్ వల్ల పైన బుస్సుమనే రొద పుడుతుంది, దాన్ని ఫిల్టరే కోయాలి. చివరికి మోనో చేయండి, అంటే రెండు చెవులకూ ఒకటే శబ్దం.

ఇప్పుడు వింటే అంతా ఒకటే ముద్ద. భయపడకండి. అసలు కిక్ కొట్టినప్పుడల్లా ఈ కాపీ తగ్గేలా సైడ్‌చెయిన్ కట్టాలి. ఎల్ఎంఎంఎస్‌లో పీక్ కంట్రోలర్ ఆ పని చేస్తుంది. టెన్షన్ అనిపిస్తే వాల్యూం గీతను చేత్తోనే గీయండి: ‘త’ మీద సున్నా, ‘క’ మీద సగం, ‘మి’ మీద పూర్తి. నిజానికి చేత్తో గీస్తేనే చెవి త్వరగా పదునెక్కుతుంది.

చివరగా మన ఊరి ఇనుము. తుక్కు ఇనుమును వాయించడం కొత్తేం కాదు, 1980లో బెర్లిన్‌లో పుట్టిన ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ బృందం అదే చేసింది. మనకైతే పిండి గిర్ని ఉంది. పట్టా అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా ‘టప్’ మంటుంది, ఆ టప్పుల మధ్య రాళ్ల ఒరిపిడి. ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేయండి. గిర్ని ఆయన అడిగితే పాట కోసమని చెప్పండి. నమ్మడు, కానీ వద్దనడు. స్టేషన్‌లో అయితే ప్లాట్‌ఫాం మీదే నిలబడండి. బొగ్గు గూడ్సు కదిలేటప్పుడు ఇంజను దగ్గర మొదలైన చప్పుడు వ్యాగన్ వ్యాగన్‌కీ పాకుతూ చివరిదాకా పోతుంది, అది దూరం నుంచే బాగుంటుంది. ఆ రికార్డింగును సగం వేగానికి తగ్గించి, 150 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేసి, రంబుల్ పైన సన్నగా కలపండి. తీసేస్తే లోటు తెలియాలి, ఉంటే విడిగా వినబడకూడదు.

వచ్చే పాఠానికి ఎనిమిది బార్లు (ఒక్కో బారుకు నాలుగు బీట్లు) సిద్ధం చేసుకోండి. హైహ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల చప్పుడు) జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది అయిదో పాఠం.