హైబ్రిడ్ రాకెట్ ఇంజిన్‌లో దడదడ ఎలా ఆగింది: నా అనుభవం

మైనం ఇంధనంగా, నైట్రస్ ఆక్సైడ్ ఆక్సీకారిణిగా (మంటకు ఆక్సిజన్ అందించేదిగా) నడిచే మా చిన్న హైబ్రిడ్ రాకెట్ ఇంజిన్‌ను మండించిన ప్రతిసారీ, ఛాంబర్ (ఇంధనం మండే గది) పీడనం సెకనుకు ఇరవై సార్లు ఊగిసలాడుతూ స్టాండు నట్లు సైతం వదులయ్యేటంతగా దడదడలాడేది. సెన్సర్, ఇగ్నైటర్ మార్చినా, మైనం దిమ్మెను మళ్లీ పోతపోసినా ఫలితం లేకపోయింది.

చివరికి ఇంజెక్టర్ పలకకు (నైట్రస్‌ను ఛాంబర్‌లోకి చిమ్మే రంధ్రాల పలక) సరిగ్గా ముందు మరో సెన్సర్ బిగించి చూస్తే, అక్కడి పీడనం 30 బార్ల ఛాంబర్ కంటే 3 బార్లే ఎక్కువగా ఉంది. ట్యాంకులోని 50 బార్లలో మిగిలిన తేడా అంతా ఇరుకైన వాల్వులోనే హరించుకుపోతోంది. అందువల్ల ఛాంబర్ పీడనం కాస్త పెరిగినా ఆక్సీకారిణి ప్రవాహం తగ్గి మంట నీరసించేది, వెంటనే మళ్లీ ఎగదన్నేది. పలక దగ్గర తేడా పెంచడానికి ముందుగా ఫుల్ బోర్ వాల్వు (గొట్టమంత వెడల్పుగా తెరుచుకునేది) పెట్టాం. తర్వాత పలకపై వలయంగా ఉన్న 12 రంధ్రాలలో ప్రతి మూడోదాన్ని ఇత్తడి మరతో మూసి, మిగిలిన ఎనిమిదింటి అంచుల గరుకు తీసి (ఇది మొదటే చేయవలసిన పని), నీళ్లతో ప్రవాహం కొలిచాకే మండించాం. పలకకు ఇరువైపులా పీడన తేడా 7 బార్లకు చేరింది, ఛాంబర్ పీడనపు గ్రాఫు గీత దాదాపు తిన్నగా వచ్చింది.

నైట్రస్ రంధ్రంలోనే కొంత ఆవిరవుతుంది కనుక నీళ్ల లెక్క అచ్చంగా అతకదు. పైగా కీచుమనే అధిక పౌనఃపున్యపు ఊగిసలాటకు ఈ మందు పనిచేయకపోవచ్చు.