పాత బొమ్మ ఆవిరి ఇంజన్లు: లక్షణం, కారణం, మరమ్మతు

సేకరించేవారి చేతికి వచ్చే పాత బొమ్మ ఆవిరి ఇంజన్ తరచుగా రెండు చిక్కులతో వస్తుంది. అది సరిగా నడవదు. ఏ కాలానికి చెందిన ఏ నమూనాయో కూడా తేలదు. ఈ రెండింటినీ వేరు వేరు పనులుగా చూడటం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. నడిపించాలన్న తొందరలో మార్చిన ఒక వాల్వు, కొత్తగా పోసిన కాస్త టంకం, ఆ నమూనాను గుర్తించడానికి మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని చెరిపివేయగలవు. అందుకే ఇక్కడ గుర్తింపు ముందు, మరమ్మతు తరువాత వస్తాయి.

లక్షణం: ఇంజన్ ఏ కేటలాగు బొమ్మతోనూ పూర్తిగా కలవదు

దీనికి కారణం చాలాసార్లు కర్మాగారమే. పాత భాగాల నిల్వ అయిపోయేదాకా వాటినే కొత్త నమూనాకు బిగించి పంపడం బొమ్మల తయారీలో మామూలు విషయం కాబట్టి, రెండు కాలాల లక్షణాలు ఒకే ఇంజన్‌లో కనిపించినంత మాత్రాన దానిని అతుకుల బొంత అని కొట్టిపారేయకూడదు. రెండవ కారణం పాత యజమానులు. పాడైన బర్నర్ స్థానంలో దొరికినదానిని పెట్టడం, విరిగిన పొగగొట్టాన్ని వేరే ఇంజన్ నుంచి తెచ్చి బిగించడం వారు చేసిన పనులు.

మామోడ్ ఇంజన్లు ఇందుకు మంచి ఉదాహరణ. జెఫ్రీ మాలిన్స్ 1937లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో ప్రారంభించిన ఈ సంస్థ 1961లో ఎస్‌ఆర్1 రోడ్డు రోలరును, 1963లో టీఈ1 ట్రాక్షన్ ఇంజన్‌ను (బరువులు లాగే ఆవిరి బండి నమూనా), 1972లో ఎస్‌డబ్ల్యూ1 ఆవిరి లారీని విడుదల చేసింది. పేరు మారకుండానే లోపలి భాగాలు మారుతూ వచ్చాయి. తొలినాళ్ల బాయిలర్లకు నీటి మట్టం తెలియడానికి చివరి మూతలో ఒక చిన్న మర ఉండేది. దానిని విప్పి, నీరు అక్కడి నుంచి కారేవరకు పోసేవారు. 1970ల చివర్లో ఆ మర స్థానంలో గాజు కిటికీ వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే వత్తులున్న స్పిరిట్ బర్నర్ పోయి, ఘన ఇంధన బిళ్లలు పెట్టే పళ్లెం వచ్చింది. కాబట్టి గాజు కిటికీ ఉన్న బాయిలర్ కింద స్పిరిట్ బర్నర్ కనిపిస్తే, ఆ బర్నర్ తరువాత వచ్చి చేరినదని ముందుగా అనుమానించాలి.

అనుమానం తీరాలంటే భాగాలకంటే అవి కూర్చున్న చోటును చూడాలి. భాగాన్ని విప్పినప్పుడు దాని కింద రంగు వెలిసిపోకుండా, ఆ భాగం ఆకారంలోనే మిగిలి ఉంటే అది చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నదని అర్థం. వాడకంలో లేని అదనపు రంధ్రాలు, కొత్తగా మెరిసే మరలు, చేతితో అరగదీసిన అంచులు తరువాతి జోక్యాన్ని చెబుతాయి. పాత బ్రిటిష్ ఇంజన్ల మరచుట్లు ఎక్కువగా అంగుళాల కొలతల్లో, జర్మన్ ఇంజన్లవి మిల్లీమీటర్లలో ఉంటాయి గనుక, బ్రిటిష్ ఇంజన్‌లో మిల్లీమీటర్ల మర చక్కగా బిగిసిందంటే ఎవరో రంధ్రాన్ని తిరిగి కోసి ఉండవచ్చు. విప్పే ప్రతి దశలోనూ ఫొటో తీసుకోవడం ఏ పుస్తకంకన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

లక్షణం: ఒకే ఇంజన్ రెండు పేర్లతో కనిపిస్తుంది, లేదా ముద్ర అర్థం కాదు

ఇది నకలు అయి ఉండనవసరం లేదు. జర్మనీలోని నూరెంబర్గ్‌కు చెందిన డాల్ అనే బొమ్మల సంస్థ 1938లో మరో బొమ్మల సంస్థ ఫ్లైష్‌మన్ చేతికి వెళ్లింది. ఆ తరువాత డాల్ రూపకల్పనలే ఫ్లైష్‌మన్ పేరుతోనూ వచ్చాయి. 1965లో బ్రిటిష్ బొమ్మల సంస్థ మెకానో పేరుతో వచ్చిన ఆవిరి ఇంజన్‌ను తయారుచేసినది మామోడ్ వారే.

ముద్రలను కాలక్రమంలో చదవడం నేర్చుకుంటే సగం పని తేలికవుతుంది. నూరెంబర్గ్‌కే చెందిన బింగ్ సంస్థ ఇంజన్ మీద జీబీఎన్ (గెబ్రూడర్ బింగ్ నూరెంబర్గ్) అని ఉంటే అది పాతది. బీడబ్ల్యూ (బింగ్ వెర్కే) అని ఉంటే మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి కాలానిది, ఆ సంస్థ 1930ల తొలి సంవత్సరాల్లో మూతపడేవరకు ఆ ముద్రే సాగింది. డీఆర్‌జీఎం అనే జర్మన్ నమోదు గుర్తు 1891లో మొదలైంది గనుక అది ఉన్న ఇంజన్ అంతకుముందుది కాజాలదు. అమెరికాకు వచ్చే సరుకుపై దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం నిర్దేశించింది. కానీ దేశం పేరు లేదన్న ఒక్క కారణంతో ఇంజన్ అంతకన్నా పాతదని చెప్పరాదు, అది స్వదేశంలోనే అమ్ముడుపోయి ఉండవచ్చు. ‘యూఎస్ జోన్ జర్మనీ’ అన్న ముద్ర మాత్రం దాదాపు తప్పు చెప్పదు: జర్మనీలో అమెరికా సేనల ఆధీనంలోని ప్రాంతం అని దాని అర్థం, అది రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి కొద్ది ఏళ్లది.

లక్షణం: ఆవిరి వస్తోంది, ఇంజన్ మాత్రం తిరగదు

మొదటి అనుమానం గట్టిపడిన నూనె మీద పెట్టాలి. దశాబ్దాలుగా పెట్టెలో ఉన్న ఇంజన్‌లో పాత నూనె లక్కలా బిగిసిపోయి పిస్టన్‌ను పట్టి ఉంచుతుంది. చక్రాన్ని బలవంతంగా తిప్పితే సన్నని క్రాంక్ పిన్ను వంగుతుంది. పలుచని నూనె రెండు చుక్కలు వేసి ఒక రోజు వదిలేసి, వేడినీటి గుడ్డతో సిలిండరును వెచ్చబెట్టి, అప్పుడు మెల్లగా కదిలించాలి.

చక్రం తేలికగా తిరుగుతున్నా ఇంజన్ నడవకపోతే, సిలిండర్ ఆనుకుని ఊగే చదునైన పలకను చూడాలి. ఊగే సిలిండరున్న ఇంజన్లలో ఆవిరి రాకపోకలను నియంత్రించేది ఆ రెండు చదునైన ముఖాల మధ్య ఉన్న బిగువే. వాటిమీద గీతలు పడినా, వెనుకనున్న స్ప్రింగ్ బలం తగ్గినా ఆవిరి పక్కనుంచి పారిపోతుంది. స్ప్రింగును మరీ బిగిస్తే రాపిడి పెరిగి ఇంజన్ అసలే కదలదు. చేత్తో సిలిండరును కాస్త ఎత్తగలిగేంత బిగువు చాలు. గీతలు తీయడానికి మందపాటి గాజు పలక మీద అతి సన్నని ఉప్పు కాగితం పరచి, సిలిండర్ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. ముఖమంతా ఒకే రంగుకు రాగానే ఆపాలి, ఎందుకంటే అరిగిన ఇత్తడి తిరిగి రాదు.

తడి ఆవిరిలో మామూలు మోటారు నూనె కడిగివేసినట్లు పోతుంది. ఆవిరి సిలిండర్ల కోసం తయారైన చిక్కని నూనెనే వాడాలి.

లక్షణం: చేత్తో తిప్పితే తప్ప కదలదు, లేదా ఒకే దిశలో తిరుగుతుంది

ఇది లోపం కాదు. పిస్టన్‌కు ఒక వైపునుంచే ఆవిరి తగిలే ఇంజన్‌ను చేత్తో తిప్పి ప్రారంభించవలసిందే. దిశ మార్చే లివర్ లేని నమూనాలు ఒకే దిశకు తయారైనవి. మామోడ్‌లో టీఈ1కూ టీఈ1ఎకూ ఉన్న ముఖ్యమైన తేడాలలో ఆ లివర్ ఒకటి. ఆవిరి లోనికి వచ్చే దారినీ బయటకు పోయే దారినీ అది తారుమారు చేస్తుంది. లివర్‌ను తరువాత తగిలించి పాత టీఈ1ను ‘మెరుగుపరచడం’ అంటే ఒక నమూనాను పోగొట్టుకోవడమే.

లక్షణం: ఎంతసేపు వేడిచేసినా ఒత్తిడి పెరగదు

బాయిలర్ లోపల సున్నపు పొర పేరుకుని ఉండవచ్చు. నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీటిలో పలుచగా కలిపి కొద్దిసేపు ఉంచి, పలుమార్లు కడగాలి. గాఢమైన ఆమ్లం ఇత్తడిలోని జింకును తినివేస్తుంది. ఆ తరువాత స్వేదన జలమే పోయాలి.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో తయారైన జెన్సెన్ ఇంజన్లలో అనేకం విద్యుత్తుతో వేడెక్కుతాయి. అవి 110 నుంచి 120 వోల్టులకు తయారైనవి కాబట్టి, అంతకు రెట్టింపు వోల్టేజికి నేరుగా తగిలిస్తే వేడి నాలుగు రెట్లయి హీటర్ క్షణాల్లో కాలిపోతుంది. గుడ్డ చుట్టిన పాత తీగను అసలు ప్లగ్గులో పెట్టకూడదు.

లక్షణం: బాయిలర్ అతుకు దగ్గర తడి, తెల్లని మరక

ఈ ఒక్క లక్షణాన్ని ఎన్నడూ తేలికగా తీసుకోవద్దని కోరుతున్నాను. చాలా బొమ్మ బాయిలర్ల అతుకులు మెత్తని టంకంతో వేసినవి. వాతావరణ పీడనానికి పైన ఒకటిన్నర బార్ల ఒత్తిడిలో ఆవిరి సుమారు 127 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది; తగరం, సీసం కలిసిన టంకం దాదాపు 183 డిగ్రీల వద్ద కరగడం మొదలవుతుంది. నీరు ఉన్నంతసేపు ఈ తేడా బాయిలరును కాపాడుతుంది, నీరు ఇంకిపోయిన మరుక్షణం కాపాడదు. ఒకసారి ఎండిపోయి కాగిన బాయిలర్ అతుకు కంటికి బాగానే కనిపించినా లోపల బలహీనపడి ఉంటుంది.

నిర్ధారణకు బాయిలరును గాలి బుడగ లేకుండా చల్లని నీటితో నింపి, చేతి పంపుతో పని ఒత్తిడికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వరకు పెంచి, ఒత్తిడి మీటరు ముల్లు నిలబడుతుందా అని చూడాలి. గాలితో ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు. నీరు కుదించుకోదు గనుక అతుకు విడినా కాస్త కారి ఆగుతుంది, కుదించిన గాలి మాత్రం ముక్కలను విసురుతుంది. పరీక్షలో నిలవని అరుదైన బాయిలరును తిరిగి టంకం పెట్టించకుండా, ప్రదర్శనకే ఉంచడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం.

లక్షణం: సేఫ్టీ వాల్వు తెరుచుకోదు, లేదా వదులుగా ఉంది

సేఫ్టీ వాల్వు అంటే ఒత్తిడి హద్దు మీరితే తెరుచుకుని ఆవిరిని వదిలే మూత. బిగిసిన వాల్వుకు చిలుము వదిలించి, స్ప్రింగ్ స్వేచ్ఛగా కదలకపోతే మార్చాలి. వదులుగా ఉంటే అది వేరే తయారీదారుదై ఉండవచ్చు: మామోడ్ వాల్వు మర సాధారణంగా పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు, జర్మన్ తయారీదారు విలెస్కోది 6 మిల్లీమీటర్లు. రెండోది మొదటి రంధ్రంలో కూర్చున్నట్లే ఉండి, ఒత్తిడిలో ఎగిరిపోగలదు. పాత వాషర్లు, సందుల్లో చుట్టిన ప్యాకింగ్ దారాలు రాతినారతో (ఆస్‌బెస్టాస్) చేసినవి కావచ్చు కనుక పొడిగా గీకకుండా, తడిపి తీసి మూసిన సంచిలో పెట్టాలి.

లక్షణం: ఎవరూ కొట్టకుండానే లోహంలో పగుళ్లు

ఇత్తడి బాయిలర్ అంచున సన్నని పగుళ్లు వస్తే అమ్మోనియాను అనుమానించాలి. ఒత్తిడి దాగి ఉన్న ఇత్తడిని అమ్మోనియా చీలుస్తుంది. బ్రిటిష్ ఇండియా సైన్యం వర్షాకాలంలో గుర్రపు శాలల్లో దాచిన తూటాల గొట్టాలు ఇలాగే పగిలాయి. అమ్మోనియా కలిసిన మెరుగు ద్రావణాలను మానాలి. నికెల్ పూత ఉన్నచోట ఏ మెరుగు పొడీ వద్దు, తడిగుడ్డ చాలు.

జింకు పోతపోసిన చక్రం ఉబ్బి, బీటలు వారి, పొడిగా రాలుతుంటే దానికి కారణం పోతలో కలిసిన సీసం వంటి మలినాలు. ఇది ఒక ఇంజన్ నుంచి మరొకదానికి అంటుకోదు, నయం కూడా కాదు. చక్రం ఉబ్బి ఇరుసును పూర్తిగా పట్టివేయకముందే బయటకు తీసి, వ్యాసం, మందం, ఆకుల సంఖ్య, ఇరుసు రంధ్రం కొలతలు రాసుకుని, వాటి ప్రకారం కొత్త చక్రం చేయించి, దాని వెనుక వైపు చేయించిన సంవత్సరాన్ని చెక్కించాలి. అసలు చక్రం ముక్కలైనా సరే, పోత గుర్తులున్న ముక్కలను పొడి సంచిలో ఆ ఇంజన్ పెట్టెలోనే ఉంచాలి.