4 మి.మీ. గ్రాఫ్ట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఏం చేయాలి

గ్రాఫ్ట్ అంటే పాడైన రక్తనాళం బదులు అమర్చే గొట్టం. లోపలి వ్యాసం 6 మి.మీ. కంటే తక్కువ ఉన్న గ్రాఫ్ట్‌లలోనే గడ్డల బెడద ఎక్కువ. డిటర్జెంట్‌తో కణాలు తీసేసిన ధమని గోడలో కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ నేరుగా రక్తానికి తగులుతుంది. రక్తంలోని వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ముందు దానికి అంటుకుంటుంది, దాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్లు పోగవుతాయి. ప్లేట్‌లెట్లను అడ్డుకునే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ వదిలే ఎండోథీలియల్ కణాల (రక్తనాళం లోపలి గోడ కణాల) పొరే దీనికి అసలు మందు. రక్తం గడ్డకట్టనివ్వని మందైన హెపారిన్ పూత ఆ పొరకు తోడు మాత్రమే. కింది లెక్కలన్నీ 5 సెం.మీ. పొడవున్న గొట్టానికి, ల్యాబ్ పనికి.

ముందు డిటర్జెంట్ పూర్తిగా పోయేదాకా కడగండి. అది ఏ కాస్త మిగిలినా తర్వాత వేసే కణాలు చస్తాయి.

హెపారిన్‌ను 0.05 మోలార్ ఎంఈఎస్ బఫర్‌లో (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం, పీహెచ్ 5.6) మి.లీ.కు 2 మి.గ్రా. చొప్పున కరిగించి, హెపారిన్‌ను గోడకు అతికించే రసాయనాలైన ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ కలిపి 10 నిమిషాలు ఆగి, గొట్టాన్ని అందులో 2 గంటలు ఉంచండి. ట్రిస్ బఫర్ వాడొద్దు, గోడకు బదులు దాని అమైన్లే హెపారిన్‌తో కలిసిపోతాయి. తర్వాత 2 మోలార్ ఉప్పునీటితో కడిగితే ఊరికే అంటుకున్న హెపారిన్ పోతుంది. టొలుయిడిన్ బ్లూ రంగు ఎంత హెపారిన్ ఉందో చెబుతుంది గానీ, అది పనిచేస్తుందో లేదో చెప్పదు. దానికి యాంటీ-టెన్-ఏ పరీక్ష (గడ్డకట్టించే ఫ్యాక్టర్ టెన్-ఏను హెపారిన్ ఎంత ఆపుతుందో కొలిచేది) చేయాల్సిందే.

కణాలు అంటుకునేందుకు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూసి, మి.లీ.కు 10 లక్షల ఎండోథీలియల్ కణాలున్న ద్రవాన్ని నింపండి. ఈ గొట్టంలో పట్టేది 0.63 మి.లీ., అంటే చ.సెం.మీ.కు లక్ష కణాలు. అరగంటకోసారి పావు చుట్టు తిప్పుతూ 2 గంటలు ఉంచాలి. తిప్పకపోతే కణాలన్నీ అడుగునే కూర్చుంటాయి. బుడగ ఆగిన చోట గోడ బోసిగా మిగులుతుంది, గడ్డ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

తర్వాత గొట్టంలో మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) పంపాలి. ఎక్కువమంది పొరపడేది ఈ ప్రవాహం దగ్గరే. గోడ మీద షీర్ (ద్రవం రాపిడి బలం) = 4 × స్నిగ్ధత × ప్రవాహం ÷ (3.14 × వ్యాసార్థం ఘనం). మామూలు మీడియం స్నిగ్ధత (చిక్కదనం) 37 డిగ్రీల వద్ద సుమారు 0.007 పాయిజ్. దాంతో ధమనిలో ఉండే చ.సెం.మీ.కు 10 డైన్ల షీర్ రావాలంటే నిమిషానికి 540 మి.లీ. పంపాలి. అప్పుడు రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నిలకడగా ఉందో లేదో చెప్పే కొలత) 4000 దాటి ప్రవాహం సుడులు తిరుగుతుంది, ఈ సూత్రమే చెల్లదు. చిక్కదనం పెంచే డెక్స్‌ట్రాన్ కలిపి స్నిగ్ధతను 0.035కు తెస్తే అదే షీర్‌కు 108 మి.లీ. చాలు. రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు 11 మి.లీ.తో (1 డైన్) మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో 108కి పెంచండి. ఒకేసారి పెంచితే పొర ఊడొస్తుంది. కణాలు ప్రవాహం దిశలో సాగి వరుసగా కనబడితే కుదురుకున్నట్టే.

పొర నిండుగా ఉందని నిశ్చింత పడొద్దు. మీడియంలో ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) ఉంటే ఆ కణాలే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ పుట్టించి గడ్డకు కారణమవుతాయి.

చివరగా తాజా రక్తాన్ని గ్రాఫ్ట్ గుండా చుట్టూ తిప్పే లూప్ పరీక్ష. రక్తంలో హెపారిన్ మి.లీ.కు 1 యూనిట్ మించొద్దు, ఎక్కువైతే మంచి గ్రాఫ్ట్, చెడ్డ గ్రాఫ్ట్ ఒకేలా కనిపిస్తాయి. పక్కనే కణాలు వేయని గొట్టాన్నీ నడపండి. లూప్‌లో గాలి మిగలొద్దు. గడ్డ కనెక్టర్ అంచున మొదలైతే తప్పు గ్రాఫ్ట్‌ది కాదు, అతుకుది.