పలుచని సోల్ బూట్లతో పరుగు: అలవాటు చేసుకునే క్రమం

సాధారణ పరుగు బూట్లలో మడమ భాగం ముందు భాగం కంటే దాదాపు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. పలుచని సోల్ ఉండే మినిమలిస్ట్ బూట్లలో ఆ తేడా బాగా తక్కువ, కొన్నింటిలో అసలే ఉండదు. కాలి కింద మెత్తదనమూ నామమాత్రమే. అందువల్ల మడమ కిందికి దిగి, పిక్క కండరాలూ, వాటిని మడమ ఎముకకు కలిపే పట్టీ అయిన అకిలిస్ టెండనూ అలవాటు లేనంతగా సాగవలసి వస్తుంది. మోకాలికి కొంత ఉపశమనం కలిగే మాట నిజమే కాని, అక్కడ తగ్గిన భారం మాయం కాదు. పిక్కలు, చీలమండలు, పాదం ఎముకల మీదికి మళ్లుతుంది.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచిన సంగతిని చాలామంది ఉదాహరణగా చూపుతారు. ఏళ్ల తరబడి మెత్తని బూట్లకు అలవాటుపడిన పాదానికి ఆ ఉదాహరణ నేరుగా వర్తించదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, పది వారాల్లో ఇటువంటి బూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో మజ్జ వాపు పెరిగినట్లు ఎంఆర్ఐ స్కాన్‌లో కనిపించింది. ఊపిరి, కండరాలు త్వరగానే సిద్ధమవుతాయి. టెండన్లు, ఎముకలు అంత త్వరగా సిద్ధం కావు. కాబట్టి కొత్త బూట్లకు మారే వేగాన్ని నిర్ణయించవలసినవి అవే.

బూటు కొనేటప్పుడు లోపలి అట్టను బయటికి తీసి, దానిపై నిలబడి చూడండి. వేళ్లు అట్ట అంచు దాటి బయటికి వస్తే ఆ బూటు మీకు ఇరుకే. మొదటి రెండు మూడు వారాలు ఆ బూట్లతో నడక మాత్రమే సాగించి, రోజూ ఒంటికాలిపై నిలబడి మడమను నెమ్మదిగా పైకెత్తి అంతకంటే నెమ్మదిగా దించే వ్యాయామం చేయండి. ఒక్కో కాలితో ఇరవై సార్లు తడబడకుండా చేయలేని పిక్క ఇంకా సిద్ధంగా లేనట్లేనని నా అభిప్రాయం.

తర్వాత రోజు విడిచి రోజు, అలసట లేని ఆరంభంలోనే, ఐదు నిమిషాలు కొత్త బూట్లతో పరుగెత్తి, మిగిలిన దూరాన్ని పాత బూట్లతో పూర్తి చేయండి. మరునాడు పిక్కల్లో కొద్దిపాటి నొప్పి కంటే ఎక్కువ లేకపోతేనే వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. పూర్తిగా మారడానికి ఆరు నెలలు పట్టినా ఆలస్యమనుకోవద్దు. పాత జతను పారవేయకండి. దూరపు పరుగులకు చివరి వరకూ అదే ఆధారం.

అడుగు పొట్టిగా, వడిగా పడాలి. పాదం శరీరానికి మరీ ముందుగా కాక, దాదాపు నడుము కిందనే నేలను తాకాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు: ముందు పాదంతో దిగాలని విని, మడమ నేలకు ఆననీయకుండా మునివేళ్ల మీదనే పరుగెత్తి, వారం తిరగకుండానే పిక్కలు పట్టేసి ఆగిపోతారు. ముందు పాదం తాకిన వెంటనే మడమ కూడా నేలకు ఆని, క్షణమైనా బరువు మోయాలి. అడుగుల చప్పుడు వినండి; దబదబమని వినిపిస్తే అడుగు ఇంకా పొడవుగా పడుతోందన్నమాట. అభ్యాసానికి చదునైన గట్టి నేలే మేలు, ఎందుకంటే మెత్తని గడ్డి మన తప్పును కప్పిపుచ్చుతుంది, రాళ్లనూ దాచిపెడుతుంది.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, పిక్కకు లేదా మడమకు పాత గాయం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ మార్పుకు పూనుకోకూడదు. పరుగు ముగిసిన ప్రతిసారీ పాదం పైభాగాన, వేళ్ల వెనుక ఉన్న పొడవాటి ఎముకల వెంట బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. నొప్పి పాదమంతటా పరుచుకొని ఉంటే విశ్రాంతి చాలవచ్చు. ఒకే చోట, వేలికొన పట్టేంత మేర, నొక్కగానే చురుక్కుమంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు, అంటే పదేపదే పడే భారం వల్ల ఎముకలో వచ్చే సన్నని పగులుకు, సూచన కావచ్చు కనుక ఆ రోజే పరుగు ఆపి వైద్యునికి చూపించండి.